ఎడ్యుకేషన్ లోన్ రివ్యూ: నాలుగు లక్షలు తీసుకున్నం, ఇప్పటిదాంక అయిన లెక్క మొత్తం

మాది నకిరేకల్ దగ్గర ఊరు. 2018ల ఎంసెట్ రాసి హైదరాబాద్ బయట ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీల ఈసీఈ చేరిన, దానికోసం ఒక ప్రభుత్వ బ్యాంకుల 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నం. ఇప్పుడు 2026 జనవరి, ఈఎంఐలు కట్టవట్టి రెండున్నరేండ్లు అయింది. మిక్సీ కొనాలన్నా నలుగురు రాసింది చదివి కొంటం గదా, ఈ లోన్ తీసుకునే ముందు మాత్రం తీసుకున్నోళ్లు తెలుగుల రాసింది నాకు ఒక్కటి గూడ దొరకలే, అందుకే రాస్తున్న. బ్యాంకు పేరు, కాలేజీ పేరు చెప్తలేను, బ్రాంచికి బ్రాంచికి మేనేజర్‌ని బట్టి మారుతది, ఇంకా లోన్ రూల్స్ అన్ని ప్రభుత్వ బ్యాంకులల్ల దాదాపు ఒక్కటే కాబట్టి పేరుతోని మీకు పని లేదు. జర పొడుగుంటది, ఓపిక తోని చదవండి, ముఖ్యంగ ఈ ఎండాకాలం సీటు తీసుకోబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాయినలు.

ముందు లోన్ ఎట్ల దొరికిందో చెప్త. నా ర్యాంకు 38 వేలు దాటింది. కన్వీనర్ కోటాల సీటు వచ్చింది, ఫీజు ఏడాదికి 1,05,000. మేము బీసీ, నా ర్యాంకు పదివేల లోపల లేదు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే వస్తది, పదివేల లోపల ఉంటే ఫీజు మొత్తం వచ్చేది. అంటే ఏటా 70 వేలు మేం కట్టాలె, హాస్టల్ 75 వేలు వేరే. మా నాయినకు మూడెకరాలు, అందుల రెండెకరాలు నిమ్మతోట. కాయ నకిరేకల్ మార్కెట్‌ల పోస్తం, ఎండాకాలం రేటు ఉన్నప్పుడు పర్వాలేదు గాని వానలు పడ్డంక కోత కూలి గూడ ఎల్లని రోజులు ఉంటయ్. కాబట్టి బ్యాంకుకు పోక తప్పలే.

మొదటిసారి పోతే ఆఫీసర్ సారు తోటకు సంబంధించిన పట్టా పాస్‌బుక్ పెట్టాలన్నడు. అప్పుడు ఊళ్లల్ల రైతుబంధు మొదటి చెక్కులు ఇచ్చిన కొత్త, ఎకరానికి 4 వేలు, ఆ చెక్కులతోని పాటు కొత్త పాస్‌బుక్కులు గూడ ఇచ్చిన్రు. నాయిన ఆ పుస్తకానికి ప్లాస్టిక్ కవరేసి బీరువాల పెట్టిండు, చేతికొచ్చి నెల గూడ కాలే. బ్యాంకుల పెట్టమంటే ఆయన మొఖం ఎట్లయిందో నాకు ఇప్పటికి యాదికుంది. "తియ్ బిడ్డా, పెడదాం" అన్నడు. మా మేనమామ మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల లెక్కలు రాస్తడు, ఆయన ఆపిండు. "బావా ఆగు, నాలుగు లక్షల దాంక చదువు లోన్‌కి ఏ తాకట్టు అవసరం లేదు, తల్లిదండ్రులు సంతకం పెడితే చాలు, నేను కనుక్కున్న" అన్నడు. నిజమే. 4 లక్షల లోపల అయితే తాకట్టు లేదు, మనం చేతి నుంచి పెట్టే మార్జిన్ గూడ లేదు. 4 నుంచి 7.5 లక్షల దాంక అయితే అప్పట్ల చానా బ్రాంచిలల్ల ఇంకొకరి జామీను అడిగేటోళ్లు, 7.5 దాటితే భూమో ఇల్లో పెట్టాలనేటోళ్లు. ఇది అప్పుడు మాకు తెలిసి ఉంటే మొదటి రోజే చెప్పేటోళ్లం.

మామ ఇంకో మంచి పని చేసిండు, చదువు లోన్ల కోసం ఉన్న విద్యాలక్ష్మి అనే వెబ్‌సైట్‌ల అప్లికేషన్ పెట్టించిండు. అప్పుడు దాంట్ల ఒక్క ఫారం నింపితే మూడు బ్యాంకులకు పోయేది, కౌంటర్ దగ్గర "మీ ఊరు మా బ్రాంచి కిందికి రాదు" అని తిప్పి పంపుడు లేకుండె, నంబర్ ఇచ్చేటోళ్లు కాబట్టి మన అప్లికేషన్ ఏడ ఆగిందో అడగనీకి వీలుండె. రెండోసారి ఆ నంబర్ తీసుకొని పోయినంక అదే సారు కూసోబెట్టి మాట్లాడిండు. "అమ్మా, ఏ బ్రాంచి తీసుకున్నవ్, ఉద్యోగం వస్తదా" అని అడిగిండు, వస్తది సార్ అన్న. పాస్‌బుక్ అడగలే. ప్రాసెసింగ్ ఫీజు గూడ తీసుకోలే. అప్లికేషన్ నుంచి శాంక్షన్ దాంక 40 రోజులు పట్టింది, మొదటి ఫీజు గడువు మాత్రం అంతలోపలనే అయిపోయింది, అప్పుడు ఊళ్ల చేబదులు తెచ్చి కట్టినం.

ఇగ పైసలు ఇచ్చే తీరు బాగుంది, దానికి నేను పూర్తి మార్కులు ఇస్త. మొత్తం ఒక్కసారి ఇయ్యరు, ఏ ఏడుది ఆ ఏడు, అది గూడ నేరుగా కాలేజీ ఖాతాల పడుతది. మాకు ఏటా లక్ష: 70 వేలు ఫీజు, 30 వేలు కాలేజీ హాస్టల్‌కి. కరోనా వచ్చి మూడో ఏడు ఇంటికాన్నే ఉన్నప్పుడు హాస్టల్ బదులు ఆ 30 వేలతోని ల్యాప్‌టాప్ కొనుక్కోనిచ్చిన్రు, బిల్లు పెడితే షాపోళ్లకు పంపిన్రు. చదువు లోన్‌ల ల్యాప్‌టాప్, పుస్తకాలు, పరీక్ష ఫీజు అన్నీ పెట్టుకోవచ్చు, చానా మందికి తెల్వది.

ఇప్పుడు మిత్తి సంగతి. అసలు రివ్యూ ఇక్కడ ఉంది. చదివే నాలుగేండ్లు, ఆ తర్వాత ఒక ఏడాది ఏం కట్టే పని లేదు అని చెప్తరు, అది నిజమే, కాని మిత్తి మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తది. ఆ ఐదేండ్లు బారువడ్డీ పడి, చివర్ల అసలుల కలుస్తది. రేటు మధ్యల కిందికి మీదికి అయింది, సులువుగ అర్థం కావాలని నేను 10 శాతం అని లెక్క చెప్త. మొదటి ఏడు తీసుకున్న లక్షకు ఐదేండ్ల మిత్తి 50 వేలు, రెండో లక్షకు నాలుగేండ్లది 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం 1,40,000. అంటే నేను ఒక్క రూపాయి కట్టకముందే 4 లక్షల లోన్ 5,40,000 అయి కూసుంది. ఏడేండ్లకు పెట్టుకుంటే ఈఎంఐ దాదాపు 8,965, పదేండ్లకైతే 7,136. పదేండ్లది చూడనీకి హాయిగా ఉంటది గాని మొత్తం కలిపితే 8.56 లక్షలు కడుతం, ఏడేండ్లదైతే 7.53 లక్షలు. నేను ఏడేండ్లది పెట్టుకున్న. ఎక్కువ పైసలు వచ్చినప్పుడు ముందే కట్టేస్తే జరిమానా లేదు, అదొక మంచి మాట.

ఈ 1,40,000 నేను కట్టనవసరమే లేకుండె. ఇది రాస్తుంటే ఇప్పటికి గుండెల కలుక్కుమంటది. సెంట్రల్ గవర్నమెంట్‌ది సీఎస్ఐఎస్ అని వడ్డీ రాయితీ స్కీమ్ ఉంది, 2009 నుంచి ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపల ఉండి, ఇంజనీరింగ్ లాంటి కోర్సు చదివితే, చదివే కాలం ప్లస్ ఒక ఏడాది మిత్తి మొత్తం గవర్నమెంటే కడుతది. కాలేజీకి న్యాకో, చదివే కోర్సుకు ఎన్‌బీఏనో ఉండాలె, ఇవి చదువు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు, మా ఈసీఈకి ఎన్‌బీఏ ఉండె. ఆదాయం సర్టిఫికెట్ కావాలె, అదైతే మేము రీయింబర్స్‌మెంట్ కోసం మీసేవల తీసి తహసీల్దార్ సంతకంతోని కాలేజీల ఇచ్చినం గూడ, అదే కాగితం ఇంకొక కాపీ బ్యాంకుల ఇస్తే అయిపోతుండె. బ్యాంకోళ్లు చెప్పలే. మేము అడగలే, ఎందుకంటే అట్లాంటిది ఒకటి ఉందని మాకు తెల్వది. నాకు తెలిసింది 2023ల, మొదటి ఈఎంఐ పోయినంక, ఆఫీసుల పక్కసీటు అమ్మాయి "నాకు అసలు ఒక్కటే కట్టుడు అక్కా, చదివినప్పటి మిత్తి లేదు" అంటే. బ్యాంకుకు పరుగెత్తిన, "ఆ టైం అయిపోయింది అమ్మా, ఏ ఏడుకి ఆ ఏడు క్లెయిమ్ పెట్టాలె" అన్నరు. ఒక్క మాట చెప్పనందుకు మా నాయిన రెండేండ్ల నిమ్మకాయ పోయినట్టయింది.

ఇప్పుడు చేరేటోళ్లకు సంగతి జర మారింది. 2024 నవంబర్‌ల పీఎం విద్యాలక్ష్మి అని కొత్తది తెచ్చిన్రు. కాని అది అన్ని కాలేజీలకు కాదు, ర్యాంకింగ్‌ల పైన ఉన్న 860 సంస్థలకు అని మొదలు పెట్టిన్రు. 8 లక్షల లోపల ఆదాయం ఉన్నోళ్లకు 10 లక్షల దాంక లోన్ మీద మూడు శాతం మిత్తి తగ్గుతది, ఐతే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదని రూల్ ఉంది, కాబట్టి రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలు శాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే "సార్ నాకు ఏ వడ్డీ రాయితీ వర్తిస్తది, రాసి ఇయ్యండి" అని అడగండి. నోటిమాట కాదు, రాసి ఇయ్యమనండి. ఆడపిల్లలకు చానా ప్రభుత్వ బ్యాంకులల్ల అర శాతం తక్కువ ఉంటది, అది గూడ లెటర్‌ల పడ్డదో లేదో చూసుకోండి. చదివేటప్పుడే నెలనెల మిత్తి కట్టుకుంటూ పోతే ఒక శాతం తగ్గించే సౌకర్యం గూడ ఉంది, మాకు చేతగాలే, చేతనైనోళ్లు వదలొద్దు.

ఇంతైనా నేను బ్యాంకు లోన్‌ని తప్పు పట్ట. ఎందుకంటే దాని పక్కన ఇంకో అప్పు గూడ చేసినం. హాస్టల్‌కి లోన్ పోంగ ఏటా 45 వేలు తక్కువ పడుతుండె, 2019ల కాయ రేటు లేక నాయిన ఊళ్ల ఒకాయన దగ్గర లక్ష రూపాయలు ప్రామిసరీ నోటు రాసి తెచ్చిండు, నూటికి రెండు రూపాయల మిత్తి. రెండు రూపాయలు అంటే చిన్నగ వినపడుతది, నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు. మూడేండ్లకు 72 వేలు మిత్తే కట్టినం, అసలు లక్ష అట్లనే ఉండె, అది అమ్మ పుస్తెలతాడు తప్ప ఉన్న బంగారం అంత పెట్టి తీర్చింది. ఒక్క లక్ష మీద మూడేండ్లల 72 వేలు, బ్యాంకుల మొదటి లక్ష మీద ఐదేండ్లకు 50 వేలు. కాబట్టి ఎవరైనా "బ్యాంకు చుట్టు ఎవడు తిరుగుతడు, ఊళ్ల తెచ్చి కడుదాం" అంటే వినకండి, 40 రోజులు తిరిగినా బ్యాంకే నయం. హాస్టల్ ఖర్చు గూడ మొదట్నే లోన్‌ల రాయించుకోండి. నాలుగు లక్షలు దాటితే జామీను అడుగుతరని భయపడి మేము తక్కువ రాయించినం, ఆ భయమే మాకు 72 వేలయింది.

ఇగ ఆ పైసలతోని కొన్నది ఏంది, కాలేజీ. దాని గురించి చెప్పకుండ లోన్ రివ్యూ సగమే అయితది.

మా కాలేజీ గేటు మీద పెద్ద ఫ్లెక్సీ ఉంటుండె, హైయెస్ట్ ప్యాకేజీ ఇంత అని ఒక అన్న ఫోటో, పక్కన వంద శాతం ప్లేస్‌మెంట్స్ అని. మేము చేరేటప్పుడు నాయిన ఆ ఫ్లెక్సీ కింద నిలవడి ఫోటో దిగిండు. మా బ్యాచ్‌ల ఈసీఈ రెండు సెక్షన్లు, 120 మంది. బ్యాక్‌లాగ్స్, అంటే ఫెయిలైన సబ్జెక్టులు ఉన్నోళ్లను కంపెనీలు ఇంటర్వ్యూలకు కూసోనియ్యవు, వాళ్లను లెక్కల నుంచే తీసేస్తరు, మిగిలినోళ్లల్ల ఒక్కరికి మూడు ఆఫర్లు వస్తే మూడు అని లెక్కబెడుతరు. అట్ల వంద అయితది. మేము క్లాస్ వాట్సాప్ గ్రూపుల కూసోని లెక్కబెట్టుకుంటే నిజంగ జాబుల చేరింది 51 మంది, అందుల ఎక్కువ మందికి మూడున్నర లక్షల లోపల ప్యాకేజీ. పది లక్షలు దాటినోళ్లు ఇద్దరు. వాళ్లిద్దరు ఏ కాలేజీల ఉన్నా వచ్చేది, అంత చదువుతుండిరి.

చెప్పిన సార్ల గురించి చెడుగ అనలేను. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెప్పిన మేడమ్ దగ్గర నేర్చుకున్నదే నాకు ఇంటర్వ్యూల పనికొచ్చింది. ల్యాబులు మాత్రం న్యాక్ టీం వచ్చినప్పుడే పూర్తిగ తెరుస్తుండిరి. కోడింగ్ అంత నేను హాస్టల్ల ఫ్రీ వీడియోలు చూసి నేర్చుకున్న, నాలుగో ఏడు సెలవులల్ల అమీర్‌పేట్‌ల జావా కోర్సుకు ఇంకొన్ని పైసలు పెట్టిన.

ఇంకొకటి, రీయింబర్స్‌మెంట్ లేటు. గవర్నమెంట్ నుంచి పైసలు టైంకి రావు, రాకపోతే కాలేజీలోళ్లు పిల్లల దగ్గర వసూలు చేస్తరు. నాకు 2022ల జాబ్ ఆఫర్ వచ్చింది, దానికి ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు కావాలంటే కాలేజీలోళ్లు చివరి ఏడు 35 వేలు ఇంకా రాలే, కట్టి తీసుకపొమ్మన్నరు. గవర్నమెంట్ ఇచ్చినంక తిరిగి ఇస్తమన్నరు, ఇచ్చిన్రు గూడ, కాని ఏడాది మీదనే పట్టింది. ఇది ఒక్క మా కాలేజీది కాదు, 2025 నవంబర్‌ల బకాయిలు ఇయ్యాలని ప్రైవేట్ కాలేజీలోళ్లు రాష్ట్రమంత బంద్ పెట్టిన్రు గదా. కాబట్టి లోన్ లెక్క చేసేటప్పుడు రీయింబర్స్‌మెంట్ వస్తదని మొత్తం దాని మీద ఆశ పెట్టుకోకుండ ఒక ఏడు 35 వేలు చేతిల ఉండేటట్టు చూసుకోండి.

జాబ్ సంగతి. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల 3.36 లక్షల ప్యాకేజీ. ఆఫర్ లెటర్ 2022 ఎండాకాలంకి ముందే వచ్చింది, ఊళ్ల స్వీట్లు పంచిన్రు, జాయినింగ్ తేదీ మాత్రం రాదు. అదే ఏడు మస్తు మందికి అట్లనే అయింది. తొమ్మిది నెలలు ఇంట్ల కూసున్న, "ఏం బిడ్డా ఇంకా పోలే" అని అడగనోళ్లు లేరు. 2023 మార్చిల చేరిన. అప్పుడు ఆ ఒక ఏడాది గడువు విలువ తెలిసింది నాకు, చదువు అయిపోంగనే ఈఎంఐ మొదలైతుండె అంటే మా పరిస్థితి ఏమైతుండెనో. లోన్‌ల నాకు బాగ నచ్చింది ఈ గడువు.

3.36 లక్షలు అంటే నెలకు 28 వేలు అని నాయిన లెక్క. పీఎఫ్ గిట్ల పోంగ నా చేతికొచ్చింది 22 వేల చిల్లర. ఈఎంఐ 8,965. కొండాపూర్‌ల లేడీస్ హాస్టల్ 8 వేలు. మిగిలేది ఐదు వేల చిల్లర, దాంట్లనే బస్సు, ఫోన్, బట్టలు, పండుగకు ఇంటికి పోవుడు. మొదటి ఏడాదిన్నర ఇంటికి ఒక్క రూపాయి పంపలేకపోయిన. నా బిడ్డకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని చెప్పుకునే మా అమ్మ, అప్పుడు కైకిలికి పోవుడు మానలే. సెక్షన్ 80ఈ కింద టాక్స్ మినహాయింపు ఉంటదని లోన్ ఇచ్చేటప్పుడు గొప్పగ చెప్పిన్రు, అంత జీతానికి టాక్సే పడదు, ఇంకా కొత్త టాక్స్ పద్ధతిల అది చెల్లదు గూడ.

ఇప్పుడు ముప్పై ఈఎంఐలు కట్టిన. మొత్తం 2,68,950. ఇంకా ఎంత ఉందని చూస్తే 3 లక్షల 88 వేల చిల్లర. మొదట చూసి బ్యాంకోళ్లు తప్పు లెక్క వేసిన్రనుకున్న. కాదు, మొదటి ఈఎంఐల 4,500 మిత్తికే పోయింది, అసలుల తగ్గింది 4,465. అంటే రెండున్నరేండ్లు కట్టి కట్టి ఇప్పుడు నేను తీసుకున్న నాలుగు లక్షల కాడికి వచ్చిన. మధ్యల కంపెనీ మారిన, ఇప్పుడు చేతికి 31 వేలు వస్తున్నయ్ కాబట్టి ఊపిరి ఆడుతుంది. మారకపోతే అంతే సంగతి.

అందుకే నేను అందరికి ఒక్కటే చెప్తున్న, లోన్ మంచిదా చెడ్డదా అని వేరే చూడకండి, ఆ కాలేజీల ఆ బ్రాంచిల మధ్యల ఉండే పిల్లకు చేతికి ఎంత వస్తదో అది పక్కన పెట్టి చూడండి. ఫస్ట్ వచ్చే పిల్ల కాదు, మధ్యల ఉండే పిల్ల. మనం చేరేటప్పుడు అందరం ఆ ఫ్లెక్సీ మీది అన్ననే అయితం అనుకుంటం, అనుకోవాలె గూడ, కాని ఈఎంఐ మాత్రం మధ్యల ఉండే పిల్ల జీతంతోని లెక్కబెట్టాలె. నాకు ఈ లెక్క ఎట్ల దొరుకుతదో తర్వాత తెలిసింది. సెంట్రల్ గవర్నమెంట్ కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి అప్లై చేసే కాలేజీలు ఎంతమంది పాసయిన్రు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ శాలరీ ఎంత అని రాసి ఇయ్యాలె, ఆ పీడీఎఫ్ కాలేజీ వెబ్‌సైట్‌లనే పెడుతరు, ఎక్కడనో కింద మూలకు ఉంటది. మీడియన్ అంటే జీతాలు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగ పెడితే సరిగ్గ మధ్యల వచ్చేది, ఒక్కరికి నలభై లక్షలు వచ్చినా అది మారదు. అది గూడ ఉద్యోగం వచ్చినోళ్లదే, రానోళ్లు అందుల ఉండరు, కాబట్టి పాసయినోళ్లెంతమంది, చేరినోళ్లెంతమంది రెండు చూడండి. ఆ కాగితం లేని కాలేజీ అయితే మీ ఊరి నుంచి, మీ మండలం నుంచి అక్కడ చదివినోళ్లను ముగ్గురిని పట్టుకొని అడగండి, అందుల ఒక్కరన్నా బ్యాక్‌లాగ్స్ ఉన్నోళ్లు ఉండాలె, వాళ్లు చెప్పేదే అసలు సంగతి.

మా చెల్లె 2023ల ఇంటర్ అయిపోయింది. ర్యాంకు నాకంటే కొంచెం నయం. నాయినకు తెలిసినాయన ఒకడొచ్చి ఫలానా కాలేజీల మేనేజ్‌మెంట్ కోటాల కంప్యూటర్ సైన్స్ సీటు ఉంది, నాలుగేండ్లకు కలిపి పది పన్నెండు లక్షలయితది, ఇప్పుడు అందరు సీఎస్ఈనే అంటున్నరు, తోట పెడితే లోన్ వస్తది అన్నడు. నాయిన సగం ఒప్పుకున్నడు. నేను ఆ రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి నా బ్యాంకు స్టేట్‌మెంట్ చదివి వినిపించిన, ఏ నెల ఎంత పోతుందో. "నాయినా, నాలుగు లక్షలకే నా పని ఇట్లుంది, పన్నెండు అయితే చెల్లె జీతం మొత్తం పెట్టినా సాలదు, తోట పోతది" అన్న. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ గూడ ఉండదు.

చెల్లె నల్గొండల మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీల ఈసీఈ తీసుకుంది, కన్వీనర్ కోటాలనే. ఇంటికాన్నుంచి బస్సుల పోయొస్తది. రీయింబర్స్‌మెంట్ పోంగ మేం కట్టేది తక్కువ, లోన్ తీసుకోలే. కాని ఇందుల గూడ తక్కువలు ఉన్నయ్, దాచిపెడితే తప్పు. హైదరాబాద్ చుట్టు ఉన్న పెద్ద కాలేజీలకు వచ్చినన్ని కంపెనీలు నల్గొండకు రావు. చెల్లె ఇప్పుడు మూడో ఏడు, ఉద్యోగం తానే బయట వెతుక్కోవాలె, దానికి తయారవుతుంది. నేను సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇద్దరం కూసోని ప్రాక్టీస్ చేస్తం. ఉద్యోగం కొంచెం ఆలస్యం అయినా దాని మీద నెలకు తొమ్మిది వేలు ఎవ్వరు అడగరు, ఆ ధైర్యం నాకు ఇరవై రెండేండ్లప్పుడు లేకుండె.

ఇంకా దారులు ఉన్నయ్. జేఎన్టీయూ వాళ్లది వనపర్తిల ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన్రు, పాలమూరు దిక్కు పిల్లలకు దగ్గర. పదో తరగతి పిల్లలున్న ఇండ్లల్ల నేనైతే పాలిసెట్ రాపిచ్చి నల్గొండ, మహబూబ్‌నగర్ గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లు చూడమంట, మూడేండ్ల డిప్లొమా అయినంక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడుల చేరొచ్చు, ఇంటర్ కార్పొరేట్ కాలేజీ ఫీజు మొత్తం మిగులుతది, మధ్యల ఉద్యోగం వచ్చినా ఆగొచ్చు. నాగార్జున గవర్నమెంట్ కాలేజీ ఉంది, ఎన్‌జీ కాలేజీ, 1956 నుంచి నల్గొండల డిగ్రీ చెప్తున్నరు, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌ల ఉండే దోస్త్‌ల పెట్టుకుంటే అయిపోతది. అక్కడ డిగ్రీ చేసి గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు కొట్టినోళ్లు మా మండలంల ఉన్నరు. బీటెక్ కాదని చిన్నతనం అనుకోవద్దు.

అమెరికా ఎంఎస్ లోన్ల గురించి నాకు సొంత అనుభవం లేదు, అందుకే రేటింగ్ ఇయ్య. మా ఊరి నుంచే ఇద్దరు పోయిన్రు, ఇండ్లు, ప్లాట్లు పెట్టి 35 లక్షలు, 40 లక్షలు. ఒక్కతి పార్ట్‌టైం చేసుకుంట మిత్తి కడుతుంది. వాళ్ల అమ్మ రోజు మా అమ్మ దగ్గర కూసోని ఏడుస్తది, ఇంతకుమించి అది నేను రాసే విషయం కాదు.

రేటింగ్ అంటే: లోన్‌కి ఐదుల నాలుగు. గడువు, తాకట్టు లేకపోవుడు, పైసలు నేరుగా కాలేజీకి పోవుడు, ముందే కడితే జరిమానా లేకపోవుడు, వీటికి. బ్రాంచి సర్వీస్‌కి రెండే, వడ్డీ రాయితీ చెప్పనందుకు ఇంక ఎక్కువ ఇయ్యలేను. నా కాలేజీకి, మేము పెట్టిన పైసలకు, రెండున్నర. ఆ మేడమ్ లేకపోతే ఇంకా తక్కువ ఇస్తుంటి.

కింద అడిగేటోళ్లు మీ ర్యాంకు, కులం, ఇంటి ఆదాయం, కాలేజీ ఫీజు, హాస్టల్ ఉందా లేదా రాయండి, నేను ఆదివారాలు కూసోని మీ ఈఎంఐ లెక్క వేసి చెప్త. పైసలు ఏం వద్దు. పోయిన జూన్‌ల తొమ్మిదిమందికి చేసిన, అందుల ముగ్గురికి వడ్డీ రాయితీ వర్తిస్తదని బ్యాంకుల అడిగించినం, మర్రిగూడ దిక్కు అమ్మాయి ఒకామె క్లెయిమ్ పెట్టించుకున్న అని మొన్న మెసేజ్ పెట్టింది.